మలుపు కొలవలేదు

మా వంటగదికి కొత్త అరలు పెట్టిద్దామని మా అబ్బాయి పోయిన వారం ఒక కుర్రాణ్ణి పంపించాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఊరు రాజస్థాన్‌లో ఎక్కడో. చెన్నై తమిళం మాత్రం నాకంటే బాగా మాట్లాడతాడు. చేతిలో టేపు లేదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద యంత్రం ఒకటి గోడకి ఆనించి నొక్కితే, ఎదుటి గోడ మీద ఎర్రచుక్క పడింది, అంకె వచ్చింది. వంటగది కొలిచాడు, తలుపు కొలిచాడు. పనైపోయిందనుకున్నాను. చెప్పులేసుకుని బయటికి పోయి లిఫ్టు కొలిచాడు, మెట్ల దగ్గర మలుపు కూడా కొలిచాడు.

"మలుపెందుకు బాబూ?" అన్నాను.

"పెద్ద పీసులు టర్నింగ్‌లో తిరగవు ఆంటీ. ముందే చూసుకోకపోతే తర్వాత టెన్షన్."

నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆ పిల్లాడు తనేదో తప్పు మాట్లాడాననుకున్నాడు. అతనికేం చెప్పను? హాల్లో, టీవీ పక్కన నిలబడి ఉన్న మా జాలీ బీరువా వైపు చూశాను. అతను కూడా చూశాడు. దగ్గరికి పోయి కింది తలుపు తెరిచాడు. పాత టేకు వాసన ఒక్కసారిగా గుప్పుమంది. కొంచెం తోలు, కొంచెం మిరియాలు కలిసినట్టుండే వాసన. మా అమ్మ పోయి ఏడాది కావస్తోంది, నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ వాసనతో ఇద్దరూ వచ్చి హాల్లో కూర్చుని మళ్ళీ పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

* * *

ఫ్రిజ్ లేని రోజుల్లో పుట్టినవాళ్ళకి జాలీ బీరువా అంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. పై సగం తలుపులకీ పక్కలకీ సన్నని ఇనుప జల్లెడ ఉంటుంది. గాలి ఆడుతుంది, ఈగ దూరదు, పిల్లి మూతి పెట్టలేదు. కాచిన పాలు, తోడు పెట్టిన పెరుగు, మధ్యాహ్నం మిగిలిన కూర, పులుసు అన్నీ అందులోనే. కింది సగంలో పచ్చళ్ళ జాడీలు, పప్పుల డబ్బాలు. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కింద నాలుగు రాతి గిన్నెలు. గిన్నె మధ్యలో బుడిపె ఉంటుంది, కాలు దాని మీద పొడిగా నిలబడుతుంది, చుట్టూ కందకంలా నీళ్ళు. ఆ నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయని వారానికోసారి రెండు చుక్కలు కిరసనాయిలు వేసేవాళ్ళం. అది నా పని.

మా నాయనది గూడూరు దగ్గర పల్లె. ఐటీఐ చదివి పెరంబూరు ఐసీఎఫ్‌లో చేరాడు. రైలు పెట్టెలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ 1955లో మొదలైంది. మొదట్లో ఒట్టి ఉక్కు డొల్లలే చేసేవాళ్ళు. 1962లో ఫర్నిషింగ్ విభాగం వచ్చాక, లోపల సీట్లూ బెర్తులూ బిగించే పని కూడా అక్కడే. నాయన ఆ విభాగంలోనే ఉండేవాడు. "చెక్కపని నేర్చుకోడానికి మద్రాసు దాకా పోవాలంట్రా, మన ఊళ్ళో వడ్రంగి లేడా?" అని మా తాత ఎగతాళి చేసేవాడట. అప్పట్లో రెండో తరగతి బెర్తులు ఒట్టి చెక్క పలకలు. మధు దండవతే రైల్వే మంత్రి అయ్యాక వాటిమీద రెండంగుళాల ఫోమ్ పరుపు వచ్చింది. దేశమంతా సంతోషించింది, మా నాయన తప్ప. "అంత నున్నగా చేసిన చెక్కని రెక్సిన్ కింద దాచేశారే" అనేవాడు. రాత్రంతా ఆ నున్నటి చెక్క మీద పడుకుని నడుం పట్టేసిన జనం మాత్రం ఆయనకి గుర్తు రారు!

అయనావరంలో ఒక పాత ఇంటి వెనకభాగం పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. ముందు హాలు, హాల్లోంచి లోపలికి ఒక ఇరుకు నడవ, ఆ నడవ చివర ఎడమ చేతి పక్కకి వంటగది తలుపు. ఈ నడవని గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు పిల్లి దూరి పాలగిన్నె మొత్తం ఒలకబోసింది. అమ్మ ఆ రోజు ఎక్కువేమీ అనలేదు. "ఫ్యాక్టరీలో ఊరందరికీ పెట్టెలు చేస్తారు, ఇంట్లో గిన్నె పెట్టుకోడానికి పెట్టె లేదు" అంది, అంతే. నాయన భోజనం మధ్యలో లేచి, పాత క్యాలెండరు చింపి, వెనక వైపు గీతలు గీయడం మొదలుపెట్టాడు.

* * *

కొత్త టేకు కొనే స్తోమత లేదు. పురసవాక్కంలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసి పోయాం. పాతకాలపు మద్రాసు మిద్దె ఇళ్ళు చూశారో లేదో, పైకప్పులో వరసగా చెక్క దూలాలు పరిచి, వాటి మీద సన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా సున్నంతో పేర్చేవాళ్ళు. ఆ ఇల్లు కూలిస్తే ఇటుకలు పొడైపోతాయి కానీ దూలాలు చెక్కుచెదరవు. నల్లగా, సున్నం కొట్టుకుపోయి, చూడ్డానికి శ్మశానంలో కర్రల్లా ఉన్నాయి. నాయన జేబులోంచి చిన్న కత్తి తీసి ఒకదాని మూల చెక్కాడు. లోపల తేనెరంగు. వాసన చూసి, నన్నూ చూడమన్నాడు. "బర్మా టేకు. ఎండాల్సినంతా ఎప్పుడో ఎండింది, ఇంక వంగదు. పచ్చి కర్ర కొంటే మనింటికొచ్చాక వంకర తిరుగుతుంది."

లెక్క నాతో వేయించాడు. వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడుగు అడుగులు, మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 4 అంగుళాలు, 3 అంగుళాలు, 9 అడుగులు. ఒక్కోటి ముప్పావు. ఆరు దూలాలు నాలుగున్నర. బళ్ళో లెక్కల్లో ఎప్పుడూ వెనకబడే నేను ఆ 144ని ఈనాటికీ మర్చిపోలేదు.

మీన్‌బాడి వండి, అంటే సామాన్లు మోసే మూడు చక్రాల బండి మీద చూళై వైపు రంపపు మిల్లుకి తోలించాం. మిల్లాయన దూలాల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. పాత కర్రలో ఎక్కడో మేకు విరిగి ఉంటుంది, బ్లేడుకి తగిలితే పళ్ళన్నీ పోతాయి. మేకులన్నీ తీసి తెస్తేనే కోస్తానన్నాడు. మళ్ళీ ఇంటికి! ఇంకో బండి కూలి. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది కానీ నోరు విప్పలేదు.

చెడిపోయిన రేడియో స్పీకరు విప్పి అందులో అయస్కాంతాన్ని నా చేతికిచ్చాడు నాయన. దూలం పొడుగునా దాన్ని జరుపుకుంటూ పోవాలి. ఎక్కడ లాగినట్టనిపిస్తే అక్కడ సుద్దతో గుండ్రం చుట్టాలి. నాయన అక్కడ ఉలితో తవ్వి, పట్టకారుతో ఊడబెరికేవాడు. రెండు ఆదివారాలు అదే పని. కొబ్బరిచిప్ప నిండా తుప్పు మేకులు. మా తమ్ముడు వాటితో ఆడబోతే అమ్మ ఒకటిచ్చింది, తుప్పు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని.

* * *

పనిముట్లలో సగం మూర్ మార్కెట్‌వే. సెంట్రల్ స్టేషన్ పక్కన ఎర్ర ఇటుకల కట్టడం. 1985లో కాలిపోయింది, ఇప్పుడక్కడ సబర్బన్ స్టేషన్ ఉంది. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, పావురాలు, తాళంచెవి లేని తాళాలు, దొరకనిదంటూ లేదు. నాయన అక్కడ ఒక స్టాన్లీ నాలుగో నంబరు చిత్రిక చూశాడు. ఇనుపది, తుప్పు పట్టింది, వెనక పిడి విరిగింది. అమ్మేవాడు ముప్పై అన్నాడు. నాయన పన్నెండన్నాడు. నడుచుకుంటూ వచ్చేశాం, పిలుస్తాడేమోనని మెల్లగా. పిలవలేదు. సెంట్రల్ దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి పద్దెనిమిదికి తీసుకున్నాడు. ఇంటికొచ్చి కిరసనాయిల్లో నానబెట్టి, పిడి కొత్తది చెక్కి, బ్లేడుని సానరాయి మీద ఒక సాయంత్రమంతా నూరాడు. పదును చూడాలంటే ముంజేతి మీద వెంట్రుకలు గీసేవాడు. ఆ ఏడాదంతా నాయన ఎడమ చెయ్యి నున్నగా ఉండేది.

మా ఇంట్లో చిత్రిక, పక్కింట్లో ఇళైప్పుళి. మా ఇంట్లో ఉప్పుకాగితం, పక్కింట్లో ఉప్పుతాళ్. నాయన నోట్లో అయితే ఫ్యాక్టరీ మాటలే, మార్టిస్, టెనన్, గ్రూవ్. మూడు భాషల్లో ఒకే బీరువా తయారవుతుండేది.

సైరన్ మోగాక సైకిలు శబ్దం, తర్వాత కాళ్ళు కడుక్కున్న చప్పుడు, కాఫీ, ఆ తర్వాత చిత్రిక. మొదట గరగర, చెక్క దారికొచ్చాక ష్ష్... ష్ష్... అని పొడుగ్గా ఒకే ఊపిరి. పొర తెగకుండా పలక ఈ చివర నుంచి ఆ చివరిదాకా వస్తే నాయన దాన్ని వెలుగుకి పట్టి చూసేవాడు. అవతల కూర్చున్న నా మొహం అందులోంచి కనపడేదట. పలక కదలకుండా రెండో చివర కూర్చోవడం నా ఉద్యోగం. హోంవర్కు అక్కడే చేసేదాన్ని, అక్షరాలన్నీ వణికేవి. చిత్రిక పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలేది. చెవులకి లోలాకుల్లా తగిలించుకునేదాన్ని. పొద్దున ఆ పొట్టుతోనే నీళ్ళ బాయిలరు అంటించేవాళ్ళం. మా స్నానం నీళ్ళు కూడా టేకు వాసనే.

ఇంటి ఓనరమ్మ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా సుత్తి చప్పుడు వినపడకూడదని ఆర్డరు వేసింది. ఆ రెండు గంటలూ నాయన ఉప్పుకాగితం పట్టేవాడు. పనిలో ఉన్నంతసేపూ ఏదో ఒకటి చెప్తూనే ఉండేవాడు. "చెక్క పొడుగు పెరగదమ్మాయ్, వెడల్పే పెరుగుతుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది." అందుకే తలుపు చట్రంలో గాడి తీసి, మధ్య పలకని అందులో ఊరికే దూర్చాలి. దానికి జిగురు పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. దానికి కదిలే చోటు ఇవ్వకపోతే పగులుతుంది. "మీ అమ్మలాగా" అని మెల్లగా అనేవాడు. వంటగదిలోంచి "వినపడతానే ఉండాది" అని వచ్చేది.

* * *

అసలు గొడవ జిగురు దగ్గర వచ్చింది.

నాయనతో పనిచేసే ఒక ఆచారి మామ ఉండేవాడు, తరతరాల వడ్రంగం వాళ్ళది. మంచి పనికి వజ్రమే వాడాలన్నాడు. వజ్రమంటే మీరనుకునేది కాదు, పశువుల తోలు ఉడకబెట్టి తీసిన జిగురు. బిళ్ళల్లా గట్టిగా ఉంటుంది. రాత్రి నానబెట్టి, పొద్దున ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాని మరుగుతున్న నీళ్ళలో పెట్టి కరిగించాలి. వేడి మీదే పూయాలి, చల్లారితే పట్టదు. నాయన పెరట్లో మూడు ఇటుకలు పెట్టి మొదలెట్టాడు. ఆ కంపు ఇంట్లోకి, ఓనరమ్మ ఇంట్లోకి, సందు చివర వినాయకుడి గుడి దాకా పోయింది. పైగా ఆ రోజు శుక్రవారం.

అమ్మ తడి చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏందిది?"

నాయన అబద్ధం చెప్పలేడు. "తోలు జిగురు."

"పెరుగు పెట్టే పెట్టెకి తోలు జిగురా? నేనుండగా కుదరదు."

ఆచారి మామ నచ్చజెప్పబోయాడు. వజ్రం పెడితే రేపెప్పుడైనా రిపేరొస్తే వేడినీళ్ళు పోసి జాయింటు విప్పుకోవచ్చు, ఫెవికాల్ పెడితే అది జన్మలో విడదు అని. అమ్మ వినలేదు. "విప్పేదెందుకు? విప్పడానికా చేసేది?" అంది. డబ్బా ఎత్తుకుపోయి కాలవలో పారబోసింది. నాయన సాయంత్రం ఫెవికాల్ తెచ్చాడు. ప్రతి టెనన్‌కీ, అంటే రంధ్రంలో దూరే చెక్క నాలుకకీ పూసి, బిగించి, అడ్డంగా వెదురు మేకు కూడా కొట్టాడు. మరునాడు నేను చట్రం మీద నిలబడి గెంతాను. కిర్రుమనలేదు.

పాలిష్ గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని మెత్తటి గుడ్డలో చుట్టి, సున్నాలు చుట్టినట్టు రుద్దుకుంటూ పోవాలి. అది అర్థమయ్యేసరికి ఐప్పసి వాన, అదే తమిళుల దీపావళి నెల వాన, పట్టుకుంది. గాలిలో తడి ఉంటే లక్క మీద తెల్లటి మసక పడుతుంది. రుద్దిందంతా తుడిచి మళ్ళీ మొదలు. సంక్రాంతి పోయాక మొదలెట్టిన బీరువా దీపావళికి కూడా కాలేదు. లోపల మాత్రం పాలిష్ వద్దంది అమ్మ, పెరుగు స్పిరిట్ వాసనేస్తుందని. అందుకే లోపలి చెక్క ఇప్పటికీ టేకు వాసనే వేస్తుంది.

* * *

కార్తీకమాసంలో ఒక ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ. నాలుగడుగుల వెడల్పు, అయిదున్నర ఎత్తు, 18 అంగుళాల లోతు. వంటగది తలుపు 27 అంగుళాలు. పక్కకి తిప్పితే పట్టేస్తుంది, నాయన ముందే లెక్క వేసుకున్నాడు. వంటగదిలో మూల కూడా కొలిచి పెట్టుకున్నాడు, నేలమీద సుద్దగీత కూడా ఉంది.

ఆచారి మామ, ఓనరమ్మ కొడుకు, ఎదురింటి ఇద్దరు, నాయన. బీరువాని పక్కకి తిప్పి నడవలోకి తీసుకుపోయారు. దర్జాగా పోయింది. నడవ చివరికొచ్చి ఎడమకి తిప్పబోయారు. టక్.

నడవ వెడల్పు 30 అంగుళాలు. ముందు మూల వంటగది ద్వారబంధానికి తగిలింది, వెనక మూల గోడకి. వెనక్కి లాగి, వంచి, పడుకోబెట్టి, తలకిందులు చేసి చూశారు. ఓనరమ్మ కొడుకు వేళ్ళు నలిగాయి. గోడకి సున్నం ఊడింది. గంట సేపయ్యాక ఎవరూ మాట్లాడటం లేదు. నాయన తలుపు కొలిచాడు, మూల కొలిచాడు, మలుపు కొలవలేదు.

అమ్మ వంటగదిలో ఉంది, అందరూ నడవలో ఉన్నారు, మధ్యలో బీరువా. జాలీలోంచి చూసి అడిగింది, "నేనిప్పుడు బయటికెట్లా రావాల?"

ఆచారి మామకి నవ్వొచ్చింది. నాయనకి కోపమొచ్చింది. "వజ్రం వాడనిచ్చుంటే ఇప్పుడు వేడినీళ్ళు పోసి విప్పి, లోపల బిగించేవాణ్ణి!"

"మలుపు కొలిచుంటే వేడినీళ్ళెందుకు?"

ఇవే రెండు డైలాగులు. తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా ఇంట్లో ఏ విషయమ్మీద గొడవ మొదలైనా చివరికి ఈ రెండు దగ్గరికే వచ్చేది. నా పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటూ కూడా వచ్చింది, పెళ్ళివారి ముందే.

* * *

అలా మా బీరువా హాల్లో నిలబడింది. ఎవరొచ్చినా మొదట కనపడేది మా పెరుగు. "ఏంటి, ఈరోజు వంకాయా?" అని జాలీలోంచి చూసి అడిగేవాళ్ళు. అమ్మకి మొదట్లో నామోషీ. మెల్లగా ఏమైందంటే, పాలకనీ పచ్చడికనీ మాటిమాటికీ హాల్లోకి రావాల్సొచ్చేది. వస్తే రేడియో ఉండేది, మేముండేవాళ్ళం, ఎవరో ఒకరు వచ్చి కూర్చుని ఉండేవాళ్ళు. రాను రాను కూరగాయలు తరగడం కూడా ఆ బీరువాకి ఆనుకునే.

నాయన రిటైరయ్యే ముందు విల్లివాక్కంలో ఇల్లు కొనడానికి తిరిగారు. బ్రోకరు నీళ్ళ సంగతి, పట్టా సంగతి చెప్తుంటే, నాయన టేపు తీసి నేరుగా వంటగది దగ్గరికి పోయేవాడు. తలుపు కొలిచి, దాని ముందున్న జాగా కొలిచి, "ఇది వద్దు" అనేవాడు. అట్లా ఎన్ని మంచి ఇళ్ళు పోయాయో. బ్రోకరు ఇది వాస్తు అనుకుని, తర్వాత తర్వాత తనే ముందుగా చెప్పేవాడు, "సార్, కిచెన్ డోర్ మూడడుగులు!"

చివరికి దొరికింది. బీరువా ఒక్క తోపుకి వంటగదిలోకి పోయి మూలలో కూర్చుంది. నాయన చేతులు దులుపుకుని అమ్మ వైపు చూశాడు. అమ్మ ఏమీ అనలేదు. పాలు పొంగించి, గిన్నె అందులో పెట్టింది.

పది రోజులు గడిచాయో లేదో, పక్కింటి పిల్లల్ని పిలిచి, నాయన బజారుకి పోయినప్పుడు దాన్ని హాల్లోకి లాగించేసింది. ఆయనొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "వంటింట్లో వెలుతురు చాలదు" అంది అమ్మ, ఆయన వైపు చూడకుండా. చేతిలో సంచీ కింద పెట్టి, నాయన వంగి నాలుగు కాళ్ళ కింద గిన్నెలు సరిచేశాడు.

* * *

కుర్రాడు తలుపు మూసి, కింది పలక మీద వేలితో కొట్టాడు. టకటకమంది. ఎండాకాలం కదా.

"ప్యానెల్ లూజ్‌గా ఉంది ఆంటీ. ఫెవికాల్ పెట్టేయనా? ఫ్రీగానే."

"వద్దు బాబూ. వానలొస్తే అదే బిగుసుకుంటుంది."